పేగుపూత ‘పెద్దోళ్ళ జబ్బు’ కాదు: నెల్లూరు తీరం అడుగుతున్న లెక్క

“నెత్తురు పడతా ఉంటే మొలలు అనుకున్నా పాపా. మూడేళ్ళు అట్టనే నెట్టుకొచ్చినా. ఆ చోటు సంగతి ఎవురికని చెప్పుకునేది?”

నెల్లూరు తీరంలోని ఒక ఎస్సీ కాలనీలో, రొయ్యలు వలిచే షెడ్డులో పనిచేసే నలభై దాటిన మహిళ మాతో అన్న మాటలివి. మొదట ఆర్‌ఎంపీ ఇంజెక్షన్లు. తర్వాత మొలలకు ఆకు మందు. ఆ తర్వాత రక్తహీనతకు మాత్రలు. చివరికి అప్పు చేసి చెన్నై వెళితే, పెద్దపేగు లోపల పుండ్లు పడ్డాయని కొలనోస్కోపీలో తేలింది. జబ్బు పేరు అల్సరేటివ్ కొలైటిస్. అక్కడి డాక్టరు ఆశ్చర్యపోయి, “ఇది టౌన్లలో ఉండే పెద్దోళ్ళకు వచ్చే జబ్బు కదా, నీకెట్లా వచ్చింది?” అన్నాడట.

ఆ ప్రశ్న డాక్టరు వేసింది ఆమెను. జవాబు చెప్పాల్సింది ఆమె కాదు. ఈ జబ్బు ఎవరికి వస్తుందో ముందే తీర్మానించుకున్న వైద్య వ్యవస్థా, ఎవరి వాడ పక్కన ఏ చెరువు తవ్వాలో, ఏ పొగగొట్టం లేపాలో నిర్ణయించే ప్రభుత్వాలూ జవాబు చెప్పాలి. ఆ జవాబు కోసం ఎక్కడ వెతకాలో ఈ వ్యాసంలో చర్చిస్తున్నాం.

జబ్బు ఏమిటి?

ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్‌ను తెలుగు వైద్య వ్యాసాల్లో పేగుపూత అంటున్నారు. ఇందులో ప్రధానంగా రెండు రకాలున్నాయి. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగు లోపలి పొరను పుండు చేస్తుంది. క్రోన్స్ జబ్బు నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, పేగు గోడ లోతుల్లోకి దిగుతుంది. రక్తంతో విరేచనాలు, కడుపునొప్పి, జ్వరం, బరువు తగ్గడం, అలసట ప్రధాన లక్షణాలు. రోజుకు పది, పదిహేనుసార్లు పరుగెత్తాల్సి రావచ్చు. పరీక్షల్లో ఏమీ కనబడకుండా పొట్ట ఇబ్బంది పెట్టే ఐబీఎస్‌తో దీన్ని కలపకూడదు. ఇది అంటువ్యాధి కాదు. పూర్తిగా నయమయ్యే జబ్బూ కాదు. మందులతో అదుపులో ఉంటుంది. మందు ఆగితే తిరగబెడుతుంది. ఎక్కువగా పడుచు వయసులో, అంటే చదువుకునే, పనిచేసే వయసులో మొదలవుతుంది.

శరీర రక్షణ వ్యవస్థ తన పేగు మీదే తిరగబడటం దీని మూలం. కొందరిలో జన్యువుల పాత్ర ఉంటుంది. కానీ జన్యువులు ఒక్క తరంలో మారవు. ఒక్క తరంలో మారేవి తిండి, నీళ్ళు, గాలి, మందులు, పని. అందుకే ఈ జబ్బు వైద్యుల గదికి మాత్రమే పరిమితమైన విషయం కాదు.

‘ధనవంతుల జబ్బు’ అనే ముద్ర

చాలాకాలం దీన్ని తెల్లవాళ్ళ జబ్బు అన్నారు. ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో 1990ల మొదట్లో ప్రచురితమైన అధ్యయనం ఆ మాటను దెబ్బతీసింది. అక్కడ స్థిరపడిన దక్షిణాసియా కుటుంబాల్లో అల్సరేటివ్ కొలైటిస్ యూరోపియన్ల కంటే ఎక్కువగా కనిపించింది. మనుషులు వాళ్ళే, పరిసరం మారింది.

తర్వాత దీన్ని నగరాల జబ్బు అన్నారు. పంజాబ్‌లో ఇంటింటికీ తిరిగి 51,910 మందిని సర్వే చేసి 2003లో ప్రచురించిన అధ్యయనం లక్షకు 44 మందికి అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నట్టు లెక్కగట్టింది. ఆసియా పసిఫిక్‌లోని 13 దేశాలు, ప్రాంతాల్లో కొత్త కేసులను లెక్కించి 2019లో వెలువరించిన అధ్యయనంలో ఆసియాలోకెల్లా అత్యధిక రేటు భారతదేశానిదే. ఏడాదికి లక్షకు 9 పైచిలుకు. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు జీర్ణకోశ ఇబ్బందులున్న 30 వేల మందికి పైగా గ్రామీణ, పట్టణ ప్రజల వివరాలు పరిశీలించి 2023లో ఫలితాలు ప్రకటించారు. పేగుపూత కనిపించిన నిష్పత్తిలో ఊరికీ పట్నానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

అంటే జబ్బు ఊళ్ళలో ఉంది. దాన్ని చూసే కన్ను ఊళ్ళకు ఆలస్యంగా చేరింది. అయితే ‘ఊరు’ అన్న మాట దగ్గర మనం ఆగిపోలేం. మన దేశంలో ఊరు ఒకటి కాదు. ఊరు ఉంటుంది, ఊరి బయట వాడ ఉంటుంది. గ్రామీణం, పట్టణం అని రెండు గడులు గీసే పరిశోధన వాడను ఊరిలో కలిపేసి లెక్కిస్తుంది. ఎవరి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో, ఎవరికి ఏ పని దక్కుతోందో కులం నిర్ణయిస్తున్నప్పుడు, ఆ కాలమ్ లేని పట్టిక సగం పట్టికే.

మురికి మేలు చేస్తుందా?

పేగుపూత మీద బాగా ప్రచారంలో ఉన్న వాదన ఒకటుంది. చిన్నప్పుడు మట్టి, సూక్ష్మజీవులు, పురుగులు తగిలినవారి రక్షణ వ్యవస్థ ఓపిక నేర్చుకుంటుందనీ, అతి శుభ్రంగా పెరిగినవారిలో అది దారి తప్పుతుందనీ. దీన్ని పరిశుభ్రతా సిద్ధాంతం అంటారు. పాశ్చాత్య దేశాల్లో దీనికి కొంత ఆధారం ఉంది. కానీ మన దగ్గరికి వచ్చేసరికి ఇది వెంటనే ఇంకో అర్థం తెచ్చుకుంటుంది. “మీకేం, మీరు మట్టిలో పెరిగినోళ్ళు, మీకు ఇట్లాంటివి రావు” అనే మాట ఈ సిద్ధాంతానికి కుల సమాజం రాసుకున్న భాష్యం. మురుగుకాల్వ పక్కన బతకడం మన ఆరోగ్య రహస్యమని చెప్పడం కంటే పెద్ద వెటకారం ఉండదు.

ఆసియా అధ్యయనం ఇక్కడే మనకు పనికొస్తుంది. ఆసియా దేశాలు, ఆస్ట్రేలియాలో కొత్తగా జబ్బుపడ్డ 442 మందిని, ఆరోగ్యవంతులతో పోల్చి 2015లో ప్రచురించిన పరిశోధన అది. ఆసియావారిలో చిన్నప్పుడు ఇంట్లో ఫ్లష్ మరుగుదొడ్డి, వేడినీళ్ళ కుళాయి ఉన్నవారికి అల్సరేటివ్ కొలైటిస్ ముప్పు తక్కువగా కనిపించింది. ఎక్కువ కాదు, తక్కువ. పన్నెండు నెలలకు మించి తల్లిపాలు తాగినవారికి రెండు రకాల జబ్బుల ముప్పూ బాగా తగ్గింది. పాశ్చాత్య పరిశోధనల్లో బాల్యంలో వాడిన యాంటీబయాటిక్స్ క్రోన్స్ ముప్పును పెంచుతాయని తేలితే, ఇక్కడ ఆసియావారిలో ఫలితం ఎదురు తిరిగింది.

దీన్నుంచి రెండు విషయాలు తీసుకోవాలి. మొదటిది, లండన్‌లోనో న్యూయార్క్‌లోనో తేల్చిన ముప్పుల జాబితాను తెచ్చి నెల్లూరు మీద అతికిస్తే కుదరదు. ఇక్కడి లెక్క ఇక్కడే తీయాలి. రెండోది, తల్లిపాలు ‘అలవాటు’ కాదు, హక్కు. చట్టం 2017 నుంచి 26 వారాల ప్రసూతి సెలవు ఇస్తోంది. రోజుకూలీకి, కాంట్రాక్టరు కింద కిలో లెక్కన రొయ్యలు వలిచే తల్లికి ఆ సెలవు ఏ కాగితం మీద ఉంది? బిడ్డను ముసలమ్మ దగ్గర వదిలి తెల్లవారుజామున వ్యాను ఎక్కే తల్లికి, ఏడాది పాటు పాలివ్వమని గోడ మీద పోస్టరు చెబుతుంది. ఆ ముప్పును ఆమె ఎంచుకోలేదు.

కుర్రు నుంచి ఇప్పటిదాకా నీళ్ళు

నెల్లూరు తీరంలో నీళ్ళ కథ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తమిళనాడుకు చెందిన గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న జస్టిస్ కుల్దీప్ సింగ్ ధర్మాసనం తీర్పు చెప్పింది. తీరం వెంబడి రొయ్యల చెరువులు తాగునీటినీ, పంట భూములనూ ఉప్పుపాలు చేస్తున్నాయన్న నివేదికలను కోర్టు పరిశీలించింది. ఆ తీర్పులో మన జిల్లా కుర్రు గ్రామం పేరు ఉంది. చుట్టూ చెరువులు రావడంతో అక్కడి మత్స్యకారులకు తాగడానికి నీళ్ళు లేకుండా పోయాయని. తీర నియంత్రణ పరిధిలోని చెరువులను 1997 మార్చి 31లోగా తొలగించాలనీ, నష్టపోయినవారికి పరిహారం ఇవ్వాలనీ కోర్టు ఆదేశించింది. పులికాట్, చిలికా సరస్సులకు 1000 మీటర్ల లోపు కొత్త చెరువులు వద్దంది.

తర్వాత ఏమైంది? 2005లో వచ్చిన కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం ఆ సాగును తీర నియంత్రణ నిషేధం నుంచి బయటపడేసింది. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక సాగు మరింత ఊపందుకుంది. 2023 ఆగస్టులో చేసిన సవరణ, చట్టం ఉల్లంఘించినవారికి ఉన్న జైలుశిక్షను తీసేసి జరిమానాతో సరిపెట్టింది. ఒక తీర్పు, ఒక చట్టం, ఒక సవరణ. మూడు మెట్లలో శిక్ష కరిగిపోయింది. ఉప్పు మాత్రం భూమిలోనే ఉంది.

ఈ ఉప్పు నేరుగా పేగుపూత తెస్తుందని మేము అనడం లేదు. ఎలుకల మీద జరిగిన ప్రయోగాల్లో ఎక్కువ ఉప్పు పేగులోని మేలుచేసే బ్యాక్టీరియాను తగ్గించి, వాపును పెంచే కణాలను రెచ్చగొట్టింది. మనుషుల్లో దాన్ని నిరూపించాలంటే ఉప్పునీళ్ళు తాగే ఊళ్ళను ఏళ్ళ తరబడి గమనించాలి. ఆ గమనింపుకు కుర్రు కంటే తగిన చోటు ఏది?

యాంటీబయాటిక్స్ సంగతీ అంతే. రొయ్యల సాగులో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందులు మన దేశంలో నిషిద్ధం. మన రొయ్యల్లో ఈ అవశేషాలు దొరుకుతున్నాయని యూరోపియన్ యూనియన్ 2016లో తనిఖీలను పెంచింది. వచ్చే సరుకులో 50 శాతం లోడ్లను పరీక్షించాలని నిర్ణయించింది. బ్రసెల్స్‌లో రొయ్య తినేవారి పేగు కోసం సగం సరుకుకు పరీక్ష. ఆ చెరువు వదిలిన నీళ్ళు పారే కాల్వ పక్కన గుడిసె వేసుకున్న యానాది కాపలాదారు కోసం ఎన్ని పరీక్షలు? రేవు దాటాక రొయ్యకు దొరికే శ్రద్ధ, గట్టు మీద మనిషికి దొరకడం లేదు.

సంజీవయ్య పేరు, పక్క ఊరి గాలి

ముత్తుకూరు మండలం నేలటూరులో 2400 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం ఉంది. దానికి దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు. దేశంలో ముఖ్యమంత్రి అయిన తొలి దళితుడు ఆయన, 1960లో. ఆయన పేరు మీదున్న పొగగొట్టాల నీడలో, కృష్ణపట్నం రేవు చుట్టూ ఉన్న పల్లెల్లో, ఆయన వర్గాల ప్రజలే బూడిద పీలుస్తున్నారు. పేరు పెట్టడం గౌరవమే. కానీ గౌరవం బోర్డు మీద ఆగిపోకూడదు.

గాలికీ పేగుకూ సంబంధం ఏమిటని అడగవచ్చు. బ్రిటన్‌లో 2010లో వెలువడిన ఒక అధ్యయనం మొత్తం జనాభాలో సంబంధాన్ని చూడలేదు. కానీ చిన్న వయసువారిలో చూసింది. నైట్రోజన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉన్న చోట్ల 23 ఏళ్ళలోపు వారికి క్రోన్స్, సల్ఫర్ డయాక్సైడ్ ఎక్కువగా ఉన్న చోట్ల 25 ఏళ్ళలోపు వారికి అల్సరేటివ్ కొలైటిస్ ఎక్కువగా కనిపించాయి. బొగ్గు కాలితే వచ్చే వాయువులు ఈ రెండూ.

సల్ఫర్ డయాక్సైడ్‌ను కడిగే యంత్రాలు పెట్టాలని 2015 డిసెంబరు ప్రమాణాలతో కేంద్రం విద్యుత్ కేంద్రాలను ఒత్తిడి చేసింది. గడువులు వాయిదా పడుతూ వచ్చాయి. 2025 జూలైలో కేంద్ర పర్యావరణ శాఖ నాలుగింట మూడు వంతులకు పైగా బొగ్గు యూనిట్లకు ఆ బాధ్యతే తీసేసింది. మినహాయింపు దొరకనివి ఏవి? ఢిల్లీ ప్రాంతానికో, పది లక్షలు దాటిన నగరానికో పది కిలోమీటర్ల లోపు ఉన్నవి. మధ్యలో ఉన్న కొన్నింటిని విడివిడిగా పరిశీలిస్తారు. అంటే ఊపిరి విలువను జనసంఖ్యతో కట్టారు. పది లక్షల మంది ఒకచోట ఉంటే కాపాడతారు, పది పల్లెలుగా ఉంటే కాపాడరు.

తిండి మీద నేరం

కడుపు జబ్బు అనగానే మొదట వచ్చే మాట, “మీరు తినే తిండి వల్లే.” దళితుల విషయంలో ఆ వేలు సూటిగా పెద్దమాంసం వైపు తిరుగుతుంది. ఎండు చేపలు, నెత్తుటి వేపుడు, తునకలు తినేవాళ్ళకు పేగు చెడకుండా ఉంటుందా అంటారు. ఈ మాట అన్నవారు సైన్సు చెబుతున్నట్టే చెబుతారు.

సైన్సు ఏమంటోంది? భారతదేశంతో సహా 21 దేశాల్లో 1,16,087 మందిని ఏళ్ళ తరబడి గమనించిన ప్యూర్ అధ్యయనం ఫలితాలు 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. ఫ్యాక్టరీలో అతిగా శుద్ధి చేసిన తిండిని రోజుకు ఐదుసార్లు, అంతకు మించి తిన్నవారికి, ఒకసారి కన్నా తక్కువ తిన్నవారితో పోలిస్తే పేగుపూత ముప్పు 82 శాతం ఎక్కువగా ఉంది. అదే అధ్యయనంలో ఎర్ర మాంసానికీ, కోడి మాంసానికీ, పాలకూ, పళ్ళూ కూరగాయలకూ ఈ జబ్బుతో సంబంధం కనిపించలేదు. ఎర్ర మాంసం గురించి వేరే ఫలితం చెప్పిన పరిశోధనలు కొన్ని ఉన్నాయి. అవి కూడా మాంసం గురించి మాట్లాడాయి, కులం గురించి కాదు.

వేలు తిరగాల్సింది ఐదు రూపాయల ప్యాకెట్ వైపు. అంగన్‌వాడీ దాటగానే ప్రతి బడ్డీకొట్టులో వేలాడేవి అవే. తల్లి షెడ్డుకు పోతే ఇంట్లో పిల్లల పొద్దుటి ఆకలిని తీర్చేవీ అవే. చెరువులు మింగిన పంట భూమిలో ఒకప్పుడు వరి పండేది, గట్ల మీద కూరాకు దొరికేది, కాల్వలో చేప దొరికేది. భూమి పోయాక కూలి డబ్బు వస్తుంది, ఆ డబ్బుకు అందుబాటులో ప్యాకెట్ ఉంటుంది. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ఈ భూములను కాపాడాల్సింది. 2023లో దాన్ని సవరించి, ఇచ్చి 20 ఏళ్ళు దాటిన భూమిని అమ్ముకునే వీలు కల్పించారు. అమ్ముకునే హక్కు అని సంబరపడేవారు, కొనేవాళ్ళు ఎవరో కూడా చూడాలి. భూమి చేతులు మారిన ప్రతిసారీ కంచంలో తిండి మారుతుంది. దీన్ని ‘జీవనశైలి’ అనే మాటలో దాచిపెట్టడం అన్యాయం. శైలి అంటే ఎంపిక ఉండాలి.

పోవాల్సినప్పుడు పోలేని పని

మొదట మాట్లాడిన ఆ అమ్మ ఇంకో మాట చెప్పింది. “షెడ్డులో మాటిమాటికి లేస్తే మేస్త్రి అరుస్తాడు. అందుకని పొద్దున ఏమీ తినను, నీళ్ళు తాగను.” పేగులో పుండ్లు పెట్టుకుని, విరేచనాలకు భయపడి, పస్తుతో ఎనిమిది గంటలు మంచు నీళ్ళలో చేతులు. ఇది ఈ జబ్బుకు మందుల పుస్తకంలో లేని అధ్యాయం.

రాష్ట్ర ప్రభుత్వం 2025లో ఫ్యాక్టరీల్లో రోజు పనిగంటలను 9 నుంచి 10కి పెంచింది, మహిళల రాత్రి షిఫ్టులకు దారి తెరిచింది. అమెరికా నర్సుల మీద దశాబ్దాల పాటు జరిగిన అధ్యయనంలో రోజుకు 6 గంటల కన్నా తక్కువ నిద్రపోయేవారికి అల్సరేటివ్ కొలైటిస్ ముప్పు ఎక్కువని తేలింది. పది గంటల పని, రెండు గంటల వ్యాను ప్రయాణం, ఇంటి చాకిరీ తీసేస్తే నిద్రకు ఎంత మిగులుతుందో లెక్క కష్టం కాదు. పనిచోట మరుగుదొడ్డి, లేచి వెళ్ళే స్వేచ్ఛ లేని గంట ఒక్కటి పెంచినా అది జబ్బు మీద వేసిన భారమే.

పేరు దొరికేదాకా

మన దగ్గర పేగుపూతకు దారి నేరుగా ఉండదు. రక్తం పడితే మొలలంటారు. జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ అంటారు. పేగు టీబీ, క్రోన్స్ రెండూ కొలనోస్కోపీలో, బయాప్సీలో కూడా ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. టీబీ ఎక్కువగా ఉన్న మన దేశంలో ముందు టీబీ మందులిచ్చి చూడటం వైద్యుల తప్పని అనలేం. క్రోన్స్ అనుకుని రోగనిరోధక శక్తిని తగ్గించే మందులిస్తే, లోపలున్న టీబీ విజృంభిస్తుంది. కానీ ఇరుకు ఇల్లు, తక్కువ తిండి ఉన్న కాలనీల్లో టీబీ అనుమానం ఎక్కువ, తిరిగి పరీక్ష చేయించుకునే డబ్బు తక్కువ. అదే జబ్బుకు, ఉన్నవాడికి నెలల్లో పేరు దొరుకుతుంది, లేనివాడికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళలో పేగు ఇరుకైపోతుంది, ఆపరేషన్ దాకా వస్తుంది. ఆపరేషన్‌కు ఆరోగ్య పథకం గుర్తొస్తుంది. ఆపరేషన్ రాకుండా ఆపే రోజువారీ మాత్రలకు మాత్రం జేబు తడుముకోవాల్సి వస్తుంది.

లెక్క అడుగుదాం

ఉద్దానం మనకు పాఠం. అక్కడి కిడ్నీ జబ్బుకు ఖచ్చితమైన కారణం ఇప్పటికీ తేలలేదు. అయినా ప్రజలు ఊరుకోలేదు కాబట్టే సురక్షిత నీటి పథకం వచ్చింది, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధనా కేంద్రం వచ్చాయి. కారణం తేలేదాకా ఆగండి అనేవారికి ఉద్దానమే జవాబు. ముందు లెక్క, వెంట వైద్యం, పక్కనే పరిశోధన.

నెల్లూరు తీరానికి మేము అడుగుతున్నవి ఇవి:

- పంజాబ్‌లో చేసినట్టే తీర మండలాల్లో ఇంటింటి సర్వే. అందులో కులం, ఆవాసం, పని, తాగునీటి వనరు తప్పనిసరి కాలమ్‌లు కావాలి.
- నాలుగు వారాలకు మించి విరేచనంలో రక్తం పడితే, మొలలని పంపేయకుండా మల పరీక్ష, కొలనోస్కోపీకి పీహెచ్‌సీ నుంచే రాసిచ్చే పద్ధతి.
- అదుపులో ఉంచే మందులను ఓపీలోనే ఉచితంగా ఇవ్వడం.
- చెరువుల పక్క ఆవాసాల్లో నీటి పరీక్ష ఫలితాలను గ్రామ సచివాలయం గోడ మీద తెలుగులో అంటించడం.
- కృష్ణపట్నం చుట్టూ పల్లెల్లోనే గాలి నాణ్యత కొలిచే కేంద్రాలు.
- ప్రాసెసింగ్ షెడ్లలో మరుగుదొడ్డి, వెళ్ళే స్వేచ్ఛ, కూలి కోత లేని విరామం.

డబ్బు ఎక్కడిదని అడిగితే, 2013 నాటి ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం ఉంది. దారి మళ్ళే నిధులను ఈ పనికి మళ్ళించమంటున్నాం.

1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ చౌదార్ చెరువు నీళ్ళు దోసిట పట్టి తాగారు. ఆనాడు ప్రశ్న, నీళ్ళు ముట్టుకునే హక్కు. ఈనాడు మన తీరంలో ప్రశ్న, ముట్టుకున్న నీళ్ళు, పీల్చిన గాలి, తిన్న ముద్ద మన పేగును ఏం చేస్తున్నాయో తెలుసుకునే హక్కు. ఈ వ్యాసం చదివే విద్యార్థి మిత్రులు రేపు ఏ కాలనీకి వెళ్ళినా ఈ ఒక్క ప్రశ్న అదనంగా అడగండి: “రక్తం పడుతోందా అమ్మా, ఎన్నాళ్ళ నుంచి?” ఆ అమ్మ మూడేళ్ళు ఎదురుచూసింది ఆ ప్రశ్న కోసమే.